సదరం క్యాంపులో నా నడుము

పదిమందిలో "అబ్బా" అనడం పసుపు ఏరే మా ఆడవాళ్లకు చేతకాదు. ఆర్మూరు మార్కెట్ యార్డులో పసుపు కుప్ప ముందు గొంతుక్కూర్చుని పొడుగు కొమ్ముల్ని ఒక పక్కకూ గుండ్రటి దుంపల్ని ఒక పక్కకూ ఏరుతుంటే, మేస్త్రి మా వెనకనే తిరుగుతుంటాడు. ఎవరు నడుము పట్టుకున్నారో, ఎవరు లేచేటప్పుడు మూలిగారో ఆయన కంటపడితే చాలు, మర్నాడు పనికి పిలుపుండదు. అందుకని మేమంతా ఒక పద్ధతి పట్టాం. లేచేముందు ఊపిరి బిగబట్టాలి, పక్కనున్నామెతో ఏదో ఒక పరాచికం ఆడాలి, ఆ నవ్వులో నవ్వుగా లేచిపోవాలి. మా నవ్వులు విన్నవాళ్లు వీళ్లకేం, హాయిగా ఉన్నారనుకునేవాళ్లు. హాయి, నా మొహం!

నా నడుములో పూసల మధ్య గుజ్జు జారి చాలా ఏళ్లయింది. ఆపరేషనూ అయింది. కొన్నాళ్లు బాగానే ఉండి, మళ్లీ కుడికాలు మొద్దుబారడం మొదలైంది. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఇంకో సీజను అట్లా గొంతుక్కూర్చుంటే ఆ కాలు మీద ఆశ వదులుకోమని ఆపరేషన్ చేసిన డాక్టరు గట్టిగా చెప్పాడు. కూర్చోకపోతే ఇల్లెట్లా గడుస్తుంది? మా ఆయన పెర్కిట్ నుంచి ఊళ్లోకి ఆటో నడుపుతాడు. ఆటో సంపాదన ఆటో కిస్తీకే సరి. వికలాంగుల పింఛను వస్తే నేను ఇంటిపట్టున ఉండొచ్చు. రాకపోతే పసుపు దిగగానే మళ్లీ కుప్ప ముందుకే. ఆ పింఛను రావాలంటే సదరం క్యాంపులో డాక్టర్లు చూసి వైకల్యం ఇంత శాతమని రాయాలి. తక్కువ రాశారా, ఇక అంతే.

క్యాంపుకు నాతో పక్క కుప్ప దగ్గర కూర్చునే చెల్లె తోడొచ్చింది. సొంత చెల్లెలు కాదు, పనిలో కలిసిన చెల్లెలు. ఆ రోజు కూలి పోగొట్టుకుని మరీ వచ్చింది. బస్సులో దారి పొడుగునా ఆమె ప్రభువును వేడుకుంది, నేను ఎల్లమ్మకు మొక్కుకున్నాను. ఇద్దరిలో ఎవరో ఒకరు వినకపోతారా అని మా ధైర్యం.

నా పేరు పిలిచారు. చెల్లెను బయటే ఉండమన్నారు. లోపల డాక్టరు నా కాగితాలు పక్కన పెట్టి, లేచి నా వెనకకు వచ్చి నిలబడ్డాడు.

"కింద కూసొని లేవమ్మా" అన్నాడు.

అంతే. వెనక మగమనిషి నిలబడి చూస్తున్నాడని తెలియగానే నా ఒళ్లు నా మాట వినలేదు. కూర్చున్నాను. ఊపిరి బిగబట్టాను. ఎదురుగా ఉన్న నర్సును చూసి, "మీ బండలు మస్తు సల్లగున్నయ్ మేడమ్, గీడనే పండాలనిపిస్తుంది" అని నవ్వుతూ లేచాను. ఆమె కూడా నవ్వింది. వంగమంటే వంగాను.

"నొప్పుందా?"

"ఏం లేదు సార్, మంచిగనే ఉన్న."

నా నాలుక తెగ! ఎందుకొచ్చానో, ఏం చెబుతున్నానో! డాక్టరు సరేనని తల ఊపి నన్ను బయటికి పంపించాడు.

బయట చెల్లెకు జరిగిందంతా చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

"నీ నోట్ల మన్ను వడ! మంచిగున్ననని చెప్పనీకి గింత దూరమొచ్చినవా? కూలికొచ్చినవా, దవాఖానకొచ్చినవా?"

నాకూ కోపం నషాళానికంటింది. నువ్వెవరే నన్ననడానికి అని బెంచీ మీంచి లేవబోయాను. కుడికాలు ఆనలేదు. గోడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఈసారి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. చెల్లె నా మొహంకేసి ఒక్కసారి చూసి, తలుపు దగ్గరున్నతను వద్దంటున్నా తోసుకుని లోపలికి పోయింది. ఆమె గొంతు వరండా అంతా వినబడింది.

"సార్, మా అక్క నవ్విందా? నవ్వితే నొప్పున్నట్టే సార్. యార్డుల నొప్పంటే మేస్త్రి తెల్లారి పనికి పిలువడు. గందుకే మేం నవ్వుకుంట లేస్తం. జర మల్ల చూడుండ్రి సార్, మీ కాల్మొక్త."

బయట అంత జనం. ఇంకెవరైనా అయితే కసిరి పంపేవాళ్లే. ఆ డాక్టరు కసరలేదు. నన్ను మళ్లీ పిలిపించి, ఈసారి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గీడ మేస్త్రి లేడమ్మా. నొప్పంటే నీ పని ఎవ్వరు తియ్యరు. నవ్వకుంట లేచి చూపెట్టు."

కూర్చున్నాను. నవ్వకుండా లేవబోయాను. లేవలేకపోయాను. "అమ్మా" అని నా నోటినుంచి వచ్చిన కేకకు నేనే బిత్తరపోయాను. ఆయనే చెయ్యిచ్చి లేపాడు. నా నడుము స్కానింగ్ ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూశాడు, మోకాలి మీద తట్టాడు, అరికాల్లో సూదితో గుచ్చాడు. గుచ్చాడని చెల్లె చెబితే తెలిసింది. తర్వాత చాలాసేపు రాశాడు. దండం పెట్టి కాళ్లకు మొక్కబోతే, "అమ్మో, వంగకు!" అని గాభరాగా ఆపాడు. ఆయన పేరేమిటో నాకిప్పటికీ తెలియదు. దీపం పెట్టినప్పుడల్లా ఆయన, ఆయన పిల్లలు చల్లగా ఉండాలనుకుంటాను.

సర్టిఫికెట్ వచ్చింది. పింఛనుకు కావలసిన శాతం కంటే ఎక్కువే రాశాడు. కొన్నాళ్లకు పింఛనూ మంజూరైంది. ఆ మాట విన్న రాత్రి అన్నం మా ఆయనే వడ్డించాడు.

మర్నాడు సాయంత్రం పింఛను మంజూరు కాగితం కొంగున దాచుకుని చెల్లె ఇంటికి పోయాను. యార్డు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులింకా పచ్చగా ఉన్నాయి. కాగితానికి పసుపు అంటుతుందని నన్నే పట్టుకోమని, కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. గంతులేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం లేచిపోయి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని తన నడుము మీద పెట్టుకుంది.

"జర ఒత్తి చూడక్కా" అంది మెల్లగా. "నాది గూడ నీ లెక్కనే అయితున్నట్టుంది."

నా కోసం దవాఖానంతా వినబడేలా అరిచిన మనిషి, తన నొప్పి చెప్పడానికి తలుపు వేసుకుంది.

"రేపు యార్డుకు పోకు" అన్నాను. "పొద్దుగాల్నే దవాఖానకు పోదాం. లోపలికి నీతోని నేనొస్త."