చేతిల నిలవని పానా

మా మేస్త్రి చాచా పోయిండు. సారపాకల వెదురు లారీలు బాగుచేసే షెడ్డు ఆయనది. నేను అండ్ల పనోణ్ణి. ఛాతిల నొప్పి లేస్తున్నా చాచా గేర్‌బాక్స్ బిగించేదాంక ఎవ్వరికీ చెప్పలే. నా తలకాయ కోసం హైదరాబాద్ దాంక వచ్చినోడు, తన నొప్పికి గోదారి బ్రిడ్జి అవతలి దవాఖానకు గూడ పోలే. ఏడుపుకంటె ముందు నాకు కోపమే వస్తున్నది.

మీకు చెప్పాలె. నాకు ఫిట్స్ వచ్చేటివి. పడిపోంగనె అందరూ ఇనుము కోసం ఉరికేటోళ్లు. చాచా గూడ గంతే, నట్లు బిగించే పానా నా కుడిచేతిల పెట్టేటోడు. తెలివొచ్చినంక నేను లొల్లి పెట్టుకునేటోణ్ణి.

"ఇనుముతోటి రోగం పోతదా చాచా? గట్లయితే ఈ షెడ్డుల ఎవనికీ దగ్గు గూడ రావద్దు."

"నువ్ చదివిన పేపర్లు నాకు చెప్పకురా. పానా పట్టు."

హైదరాబాద్ పెద్ద దవాఖానాల తలకాయ స్కానింగ్ చూసి ఒకాయన కణితి అన్నడు. ఇంకొకాయన మెదడుల పురుగు గుడ్లని మందులు రాసిండు. ఫిట్స్ ఆగలే. మూడోసారి పోతే, మెదడు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ నన్ను గాదు, చాచాను అడిగింది: "ఫిట్స్ రాంగనె ముందుగాల ఏది కదుల్తది?"

"కుడి బొటనవేలమ్మా. ఆ చేతిల పానా నిలవది. ఎడమచేతిల పెడితె కొంచెంసేపు పట్టుకుంటడు."

ఆమె రాసుడు ఆపి, మళ్ల చెప్పించుకున్నది. కొత్తగ వచ్చిన అయస్కాంతం స్కానింగ్ మిషన్ల నన్ను పెట్టించింది. కుడిచెయ్యిని ఆడించే జాగ పక్కనే సన్నటి రక్తనాళాలు రేగుపండంత గుత్తి కట్టినయ్. క్యాన్సర్ కాదు. శానా తక్కువమందికి వస్తదట. కానీ నెత్తురు కారుతున్నది. తీస్తే చెయ్యి పడిపోవచ్చు, తియ్యకుంటె పానమే పోవచ్చు.

"చెయ్యిలేని మెకానిక్‌ను ఏం జేసుకుంటవ్ చాచా? నాకొద్దు."

"నువ్ నోటితోటి చెప్పు బేటా, నేను బిగిస్త. నోరైతే మస్తున్నది గద నీకు."

నా తల తెరిచినంతసేపు ఆ పానా జేబుల పెట్టుకొని బయట కూసున్నడు. తెలివొచ్చినంక నా కుడిచేతిల పెట్టిండు. జారింది. మూడు దినాలు జారుతనే ఉన్నది. నాలుగోనాడు నిలిచింది. చాచా ఏడ్చిండు. నేను గోడదిక్కు తిరిగిన. ఫిట్స్ మళ్ల రాలే. ఆ పానాను గురించి నేను మళ్ల నోరెత్తలే.

ఖబరస్తాన్‌ల తలా మూడు పిడికిళ్ల మన్ను వేస్తున్నరు. నా వంతొచ్చింది. కుడిచేత్తోటి పట్టిన. ఒక్క రవ్వ జారలే. వెనక ఎవరో "జల్దీ కానియ్" అన్నరు. పిడికిలి విప్పబుద్ధి కాలే.