నడిచినంత పూరీ

చిలకలగూడలో మా ఇంటి దగ్గరి డాక్టరమ్మ నాకు మూడు నెలల గడువిచ్చింది. ఆలోగా ఐదు కిలోలు తగ్గాలి, లేదంటే షుగర్ మాత్రలు మొదలు. మాత్రలంటే భయం కాదు. నలభై మూడేళ్లు వచ్చాయని పొద్దున్నే గుర్తుచేసే వస్తువేదీ ఇంట్లో ఉండడం నాకిష్టం లేదు, అంతే. అందుకని మర్నాటి నుంచి మోండా మార్కెట్‌కు నడిచి వెళ్లి, కూరగాయలు మోసుకుంటూ నడిచే తిరిగి రావడం మొదలుపెట్టాను.

ఇంటికి రాగానే ఫోను తెరిచి, ఎన్ని క్యాలరీలు కరిగాయో హాల్లో నిలబడి గట్టిగా చదివేవాణ్ణి. వినేది అమ్మ ఒక్కతే. మూడోనాడు అడిగింది.

"అంటే ఎన్ని పూరీలు?"

నా నోరు ఊరుకోదు. లెక్కవేసి, "రెండు" అన్నాను.

మా నాన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఒళ్లు వంచి వచ్చిన మనిషిని మారు వడ్డించకుండా లేవనివ్వడం అమ్మ దృష్టిలో అవమానం. మర్నాడు నేను చెప్పులు విప్పేసరికి, మామూలు ఇడ్లీలతో పాటు రెండు పూరీలు సిద్ధంగా ఉన్నాయి.

"కరిగినంత నింపకుంటే కండ్లు తిరిగి పడ్తవ్ బిడ్డా" అంది.

నిజం చెప్పాలంటే నేనేమీ పోరాడలేదు. ఫోనులో వెతికితే సగం మంది తినాలన్నారు, సగం మంది వద్దన్నారు. తినాలన్నవాళ్లే బాగా చదువుకున్నవాళ్లలా కనిపించారు. సంచిలో సొరకాయ ఉన్న రోజు బరువు మోశానని అమ్మ ఇంకో పూరీ వేసేది. ఆ నెలంతా మా ఇంట్లో సొరకాయ కూరే.

నెల తర్వాత క్లినిక్‌లో మిషన్ ఎక్కితే కిలోన్నర పెరిగాను.

"నడుస్తున్నారా?" అంది డాక్టరమ్మ.

"రోజూ నడుస్తున్న మేడమ్."

"మరి తిండి?"

"నడిచినంతే."

ఆమె నవ్వలేదు. ఫోను చెప్పేదంతా నమ్మొద్దని, అది నిజమే అయినా కరిగిందంతా తిరిగి నింపితే ఇక తగ్గేదేముందని, మరీ నీరసంగా ఉంటే ఒక గుడ్డు తినమని చెప్పింది.

ఆ ఉక్రోషమంతా ఇంటికొచ్చి అమ్మ మీద చూపించాను. "రేపటి నుంచి పూరీలు బంద్. నేను తగ్గాలె. నువ్వు తగ్గనిస్తలేవ్."

పిండి కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగింది. "మీ నాయిన సుత గిట్లనే తగ్గిండు. ముందుగాల ప్యాంటు లూజైంది. బొజ్జ పోయింది, మంచిగైండని నేనే నవ్విన. రెండు నెలలకు దవాఖానల పడ్డడు. మల్ల ఇంటికి రాలే."

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ ప్యాంటు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి నాకే సిగ్గేసింది. పక్కన కూర్చుని, నాకు ఏ రోగమూ లేదనీ, రాకుండా ఉండడానికే తగ్గుతున్నాననీ చెప్పాను. తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు. మర్నాడు పళ్లెంలో మూడు ఇడ్లీలే ఉన్నాయి. తినేదాకా ఎదురుగా కూర్చుని నా మొహమే చూసింది.

ఇప్పటికి నాలుగు కిలోలు తగ్గాను. డాక్టరమ్మ మెచ్చుకుంది. నడుం దగ్గర కాస్త వదులైన ప్యాంటునల్లా మార్కెట్‌కు వెళ్లే దారిలో దర్జీకిచ్చి బిగుతు చేయించుకుంటున్నాను.

"గంత నడిచినా జెర సుత తగ్గలేవ్ బిడ్డా" అంటుంది అమ్మ, సంతోషంగా.

"ఏం చేస్తనమ్మా, తగ్గుతలేను" అంటాను.