కారుకు పోసిన చేపల నీళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా చెప్పినా నమ్మేవాడిని కాదు. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి ఎనిమిది నెలలు. జీడిమెట్లలో పంపులు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ట్రైనీ ఉద్యోగం, మెడలో గుర్తింపు కార్డు. (ఆదివారం కూరగాయలకు వెళ్లినా అది తీసేవాడిని కాదని అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది.) ఆ వయసులో మనిషికి ఆకలి, నిద్ర, ఆత్మవిశ్వాసం మూడూ అవసరానికి మించే ఉంటాయి. నాకు మూడోది మరీ ఎక్కువ.

మాది కాకినాడ వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల మేడ్చల్ దగ్గర కొత్తగా వెలసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ముందు ఒక పాత టర్బో డీజిల్ కారు ఉండేది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దానిమీదే. పరీక్షలకు వెళ్లింది, ఉద్యోగంలో చేరడానికి వెళ్లింది కూడా దాంట్లోనే. ఆ వేసవిలో అది మొరాయించడం మొదలుపెట్టింది. ఏసీ వేస్తే చాలు, కాస్త ఎత్తు కూడా ఎక్కలేక ఆయాసపడేది. రింగ్ రోడ్డు ఎక్కేచోట ఒక లారీ డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, చివరికి పక్కకొచ్చి మరీ నాన్నగారిని చూసి నవ్వాడట. దాంతో ఆయన తేల్చేశారు. "ఆదివారం మా ఆఫీసులో పంతులుగారు చూడ్డానికొస్తున్నారు. ఆయనకు నచ్చితే ఇచ్చేస్తాను" అన్నారు. (పంతులుగారంటే ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టరు.)

నాకు ఆ పూట అన్నం సహించలేదు. "బాగుచేసి చూపిస్తే అమ్మరు కదా నాన్నగారూ?" అని అడిగాను. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "చూద్దాం. ముందు ఉన్నది పాడుచేయకు" అన్నారు. నాకు అది చాలు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి, భయపడకండి. టర్బో అనేది ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే ఫ్యాను. కుక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది, పలచటి గాలితో ఇంజనుకు బలం తగ్గుతుంది. దీనికి మందులు రెండు. ఆ గాలిని ముందువైపు పెట్టిన ఒక రేడియేటర్లోంచి పంపి చల్లార్చడం ఒకటి, దాన్నే ఇంటర్‌కూలర్ అంటారు. దారిలోనే గాలిమీద సన్నగా నీటి తుంపర కొట్టడం రెండోది. మా కారుకు రెండూ లేవు. మొదటిది అందరూ చేసేదే కాబట్టి నాకు నచ్చలేదు. రెండోది యుద్ధ విమానాల్లో వాడేవారని చదివి, ఇక నా కారుకు అంతకు తక్కువది పనికిరాదని నిశ్చయించుకున్నాను.

శనివారం పొద్దున్నే అలియాబాద్‌లో హైవే పక్కన షెడ్డు నడిపే మెకానిక్ దగ్గరికి, రెండు కాగితాల నిండా బొమ్మలు గీసుకుని వెళ్లాను. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన నా కాగితాలను తిరగేసి మరగేసి చూసి, మూలనున్న పాత సామాన్లలోంచి ఒక ఇంటర్‌కూలర్ లాగి తెచ్చాడు.

"గాలిని సల్లగ జెయ్యాలంటే ముందట గీ జాలి వెట్టాలె సార్. ఇంజన్ల నీళ్లు వోసుడేంది? వానకాలం నీళ్లు వోతేనే కదా బండ్లు బందైతయి!"

"అది వేరు ఉస్తాద్. ఇది పొగమంచులాగా వెళ్తుంది."

"మే నెలల మేడ్చల్ల పొగమంచు యాడ దొర్కుతది సార్?" అన్నాడు. తర్వాత కాస్త మెత్తబడి, "సరే, ముందుగాల జర పైపులన్ని ఇప్పి సూడనియ్యి" అన్నాడు.

"అక్కర్లేదు, సమస్యేమిటో నాకు తెలుసు" అన్నాను. ఈ ఒక్క మాటకు నేను తర్వాత చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను.

మొత్తానికి నా మాటే నెగ్గింది. ముందు అద్దం కడగడానికి కారులో ఒక నీళ్ల డబ్బా, చిన్న మోటారు ఉంటాయి కదా, వాటినే వాడుకున్నాను. ఆ డబ్బా నుంచి ఒక పాయ అద్దానికి, ఇంకో పాయ ఇంజనుకు గాలి వెళ్లే రబ్బరు గొట్టానికి. గొట్టం పైభాగాన కన్నం పెట్టి తుంపర ముక్కు బిగించాను. ఉస్తాద్ బీడీ కాలుస్తూ చూశాడు.

ఆదివారం పొద్దున పరీక్షకు బయల్దేరాను. శామీర్‌పేట దాటేసరికే డబ్బాలో నీళ్లు అయిపోయాయి. దుకాణంలో నీళ్ల సీసాలున్నాయి గానీ వేడిగా ఉన్నాయి. రోడ్డు పక్కన ఒక అవ్వ థర్మోకోల్ పెట్టెలో చెరువు చేపలు అమ్ముతోంది. చేపల కింద మంచు కరిగి, చూడ్డానికే వేళ్లు కొంకర్లు పోయేలా చల్లటి నీళ్లు. తుంపర ఎంత చల్లగా ఉంటే ఇంజనుకు అంత మంచిది కదా అనుకుని, ఆ నీళ్లు ఇమ్మని అడిగాను. (నీళ్లు ఆవిరవుతూ వేడిని లాగుతాయి, అవి ముందే చల్లగా ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు అని నేను చదివినచోటే తర్వాతి పేజీలో ఉంది. నేను ఆ పేజీ దాకా వెళ్లలేదు.)

"గవెందుకు బిడ్డా, పారవోసే నీళ్లు! పిల్లిని సాదుతున్నవా?" అంది అవ్వ.

"కారుకు."

అవ్వ కారును చూసింది, నన్ను చూసింది, మెడలో కార్డు చూసింది. "సదువుకున్నోనివి, నీకే ఎరుక" అని నా చేతిలోని ఖాళీ సీసా నింపి ఇచ్చింది. నేనూ తక్కువవాడినేం కాదు, జేబురుమాలుతో వడకట్టే కారు డబ్బాలో పోశాను.

ఇల్లు చేరాక కారు రెండు గంటలు ఎండలో ఉంది. పన్నెండుకు పంతులుగారు వచ్చారు. నాన్నగారు స్టీరింగ్ పట్టుకున్నారు, ఆయన పక్కన పంతులుగారు, వెనక సీట్లో నేను. కాలనీ దాటి ఎత్తు రాగానే నేను రహస్యంగా పెట్టుకున్న స్విచ్ నొక్కాను. బండి కాస్త చురుగ్గా కదిలినట్టే అనిపించి, నా గుండె పొంగిపోయింది. అప్పుడే పంతులుగారు, "అన్నట్టు వైపర్లు పనిచేస్తున్నాయాండీ?" అన్నారు.

"భేషుగ్గా!" అని నాన్నగారు అద్దం మీదికి నీళ్లు కొట్టారు.

అద్దమంతా జిడ్డు నీళ్లు, వాటిలో నా జేబురుమాలును దాటొచ్చిన పొలుసుల నలుసులు. వైపర్లు వాటిని ఈ చివర నుంచి ఆ చివరకు శ్రద్ధగా పూశాయి. ఏసీ ఆ వాసనను లోపలికి లాగి మా ముగ్గురికీ సమానంగా పంచింది. పంతులుగారు ఉత్తరీయం ముక్కుకు అడ్డుపెట్టుకుని, "నారాయణ! ఆపండి, ఆపండి!" అంటూ దిగిపోయి, వస్తున్న షేర్ ఆటోను తానే చెయ్యెత్తి ఆపి ఎక్కేశారు. నాన్నగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పదిమందిలో మాట పడని మనిషి, నా మూలంగా ఆఫీసులో తలదించుకోవాలి కదా అని నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన సెలవు పెట్టి, కారు అద్దాలన్నీ దించి, నన్ను ఎక్కించుకుని అలియాబాద్ తీసుకెళ్లారు. ఉస్తాద్ దగ్గరికొచ్చి ఒక్కసారి పీల్చి, "గిదేనా సార్ నీ పొగమంచు?" అని మాత్రం అడిగాడు. ఈసారి నేనే బానెట్ ఎత్తి, పైపులన్నీ విప్పి చూడమన్నాను. ఆయన రబ్బరు గొట్టం ఊడదీసి, తిప్పి చూపించాడు. పైన నేను పెట్టిన కన్నం. సరిగ్గా దాని కింద, జానెడు పొడుగు చిరుగు.

"గాలంత గీడికెళ్లి బయటికే వోతాంది సార్. ఇగ దాన్ని సల్లగ జేసినా, తడిపినా ఏం ఫాయిదా?" తర్వాత తను తెచ్చి పెట్టిన ఇంటర్‌కూలర్ వైపు చూసి, నవ్వుతూ, "నేను గూడ సూడకుండనే గా జాలి వట్టుకొస్తి" అన్నాడు. కొత్త గొట్టం, రెండు క్లిప్పులు. పావుగంట పని.

తిరిగొస్తుంటే కారు ఏసీ వేసినా గుర్రంలా లాగింది. ఇంటివైపు తిరగాల్సిన చోట నాన్నగారు తిరగలేదు. హైవే మీదే చాలా దూరం, అద్దాలు ఎత్తకుండా నడిపారు. చివరికి నేనే, "ఇప్పుడు దీన్ని వేరే ఎవరికైనా ఇచ్చేస్తారా?" అన్నాను.

"ఈ వాసనతో ఎవడు కొంటాడ్రా? మనమే ఉంచుకోవాలి" అన్నారు. ఆయన మొహం అటు తిప్పుకున్నారు గానీ, భుజాలు కదలడం నాకు కనబడింది. ఆయన నవ్వుతున్నారు. ఆయనకూ అమ్మాలని లేదని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడొచ్చే టర్బో కార్లకు ఇంటర్‌కూలర్ ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తున్నారు, వాదించుకోవడానికేమీ మిగల్లేదు. నేనూ మారాను. ఏ యంత్రం ముందు నిలబడినా మొదట గొట్టాలూ క్లిప్పులూ చూస్తాను, పక్కవాడు చెప్పేది వింటాను, సాధారణంగా తప్పు చేయను. మంచి ఇంజనీరునని పేరు కూడా వచ్చింది. అయినా అంత నమ్మకంగా, అంత ఇష్టంగా తప్పు చేసిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక, వాడంటే కాస్త అసూయగానూ ఉంటుంది.