నారాయణమ్మ చేసిన మేలు

మా ఎదురింటి నారాయణమ్మకు పెళ్లయిన నాటి నుంచి కంటినిండా నిద్ర లేదు. మొగుడు బయ్యన్న వెల్లకిలా పడుకుని గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆపేస్తాడు. ఈమె వెంటనే భుజం పట్టి పక్కకు తిప్పుతుంది. కొత్త కోడలికి అత్త మొదట నేర్పిన పని అదే. నిద్రమత్తులోనే చేసేస్తుంది, మనం దోమను తోలినట్టు.

బయ్యన్న ఉరవకొండలో బడి వ్యాను తోలేవాడు. రాత్రి నిద్ర చాలక మొన్న స్టీరింగు మీదే కునికితే వ్యాను కాలువలోకి దిగింది. పిల్లలకేమీ కాలేదు, దేవుడి దయ. ఇక కునకడని నెల లోపల డాక్టరు కాగితం తెస్తే సరి, లేదంటే ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటామన్నారు బడివాళ్లు. చేలో వానల్లేక శనగచెట్లు మాడిపోయాయి. వ్యాను పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కుకు తగిలించుకునే గాలి మిషన్ ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఇస్తారంటే, వాళ్లిద్దరితో నేనూ అనంతపురం పోయాను. పెద్దాసుపత్రిలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతుందో లెక్కగట్టడానికి బయ్యన్న ఒంటికి తీగలు తగిలించి రాత్రికి పడుకోబెట్టారు. తోడుగా నారాయణమ్మ ఉంది.

పొద్దున డాక్టరు, "జబ్బుంది గానీ కొద్దిగానే. ముదిరినవాళ్లకే కార్డు వర్తిస్తుంది," అన్నాడు.

"కొద్దిగానా? రాత్రంతా నేను తిప్పతానే ఉంటి కద సార్!"

డాక్టరు నెత్తిన చేయి పెట్టుకున్నాడు. "అయ్యో, ముట్టుకోకూడదమ్మా! నువ్వు తిప్పబట్టే తక్కువ చూపించింది."

"ఎవురూ చెప్పల్యా సార్. చెప్పినా, ఊపిరి నిలిచిపోతాంటే ఎట్ల చూస్తా కూర్చునేది?"

నాకు ఒళ్లు మండింది. "అయితే ఈ రాత్రే మళ్లా చూడండి సార్. ఈమెను నేను బయట కట్టేస్తా!"

"ఈ పరీక్ష కార్డు మీద ఏడాదికి ఒక్కసారేనమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు."

ఏడాదట! ముదరబెట్టుకుని రమ్మనే వైద్యం ఏం వైద్యమో, వాళ్ల మొహం మండ! బయ్యన్న మాత్రం పెళ్లాం చేతిలో సంచి అందుకుని బస్టాండు దారి పట్టాడు. తిట్టినా బాగుండేది.

తిరుగు బస్సులో ఆయన తల వెనక్కి వాల్చి నిద్రపోయాడు. గురక ఆగింది. నారాయణమ్మ తల పట్టి తన భుజం మీదికి తిప్పుకుంది.

"ఈ చెయ్యే మా నోటికాడి కూడు తీసేసిందక్కా," అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఉంది గానీ, ఆ చెయ్యి తీయలేదు.