జైనాబ్ బీ పోసిన నీళ్లు

మతఛాందసం అన్న మాట వినపడితే మావాళ్ల చూపు పక్క వీధి మీదికి పోతుంది. అది మసీదు వీధిలో ఉంటుంది, లేదంటే మైకులు పెట్టుకున్న కొత్త ప్రార్థన మందిరాల్లో ఉంటుంది, కతోలికులం మనకెందుకుంటుంది అని నేను కూడా ధీమాగా అనేదాన్ని. మనకు బైబిలు ఒక్కటే కాదు, దాన్ని విడమరిచి చెప్పే శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఉంది, అక్షరం పట్టుకొని వేలాడే ఖర్మ మనకు లేదని బడిలో పిల్లలకు కూడా చెప్పాను. పోయిన వేసవిలో మా సమాధుల తోట గేటు ముందు నిలబడ్డాక ఆ మాట అనడం మానేశాను. మాన్పించింది జైనాబ్ బీ.

ఆమె పిడుగురాళ్లలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయా. సున్నం లారీ తోలే భర్త చిన్నవయసులోనే పోతే, ఆ జీతంతోనే కొడుకు ఫయాజ్‌ను పెంచి మెకానిక్‌ను చేసింది. మాట కరుకు. నొప్పులు పడే పిల్లను "అరవమాకే, బలమంతా గొంతులోనే పోద్ది" అని కసిరేది గాని, ఆ పిల్ల చెయ్యి వదిలేది కాదు. మా ఊళ్లో చానామంది పిల్లలకు తొలిస్నానం ఆమె చేతి మీదే జరిగింది. ఈమధ్య ఫయాజ్‌కు నిష్ఠ ముదిరింది. తల్లి దర్గాకు పోయినా ఒప్పుకునేవాడు కాదు. "ఇంకోసారి దారి తప్పావంటే నీకూ నాకూ చెల్లు" అని తేల్చి చెప్పాడు. ఆమె ఉండేది ఆ కొడుకు ఇంట్లోనే.

మా అన్న కూతురు షెర్లీకి ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. పుట్టిన మగబిడ్డ ఊపిరందక కొట్టుకుంటున్నాడు. భర్త బాలశౌరి అంబులెన్సు కోసం పరుగెత్తాడు. షెర్లీకి కుట్లు వేస్తున్నారు, కదలడానికి లేదు. బిడ్డేమో అవతలి బల్ల మీద ఉన్నాడు. జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, లేకుండానే పోతాడేమోనని ఆ పిల్ల భయం. "బీబీ, నువ్వే నీళ్లు పొయ్యి, నేను చెప్పినట్టు చెప్పు" అని ఏడ్చింది. షెర్లీ ఒక్కొక్క మాటే అందిస్తుంటే, జైనాబ్ బీ బిడ్డ తల మీద నీళ్లు పోసి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున అని పలికింది. కాసేపటికే బిడ్డ ప్రాణం పోయింది.

మర్నాడు బిడ్డను పెట్టిన పెట్టె తీసుకొని మేం సమాధుల తోటకు పోతే గేటుకు తాళం వేసుంది. తాళంచెవి ఉపదేశి ఇన్నయ్య దగ్గర ఉంది. ఫాదర్ ఊళ్లో లేనప్పుడు ప్రార్థనలు నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది ఇతనే. ఫాదర్ గుంటూరులో ఏదో సమావేశంలో ఉన్నారు, ఫోను ఎత్తడం లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారి మా ఇన్నయ్య.

"సాయిబులామె పోస్తే జ్ఞానస్నానం ఎట్టవుద్ది? గోడవతల పెట్టుకోండి" అన్నాడు.

గోడవతల ముళ్లకంప, క్వారీ రాళ్ల గుట్ట. కుక్కలు తిరిగే చోటు అది.

"ఆపదలో ఎవరైనా ఇవ్వొచ్చని పిల్లలకు నువ్వే గదరా చెప్పింది" అన్నాను.

"మనోళ్లలో ఎవరైనా ఇవ్వొచ్చని చెప్పానక్కా. ఎవుర్ని బడితే వాళ్లనా?"

ఎండ నడినెత్తికొచ్చింది. పెట్టె వేడెక్కుతోందని బాలశౌరి తన తువ్వాలు తీసి దానిమీద కప్పాడు. కుర్రాళ్లు తాళం పగలగొడతామని రాళ్లు తీసుకున్నారు. ఇన్నయ్య గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఆమెను పిలిపించండి. మనసులో ఆ ఉద్దేశం లేకుండా పోస్తే చెల్లదు, ఉందని ఆమె నోటితో చెప్తే చూద్దాం" అన్నాడు చివరికి.

ఆటో పంపిస్తే జైనాబ్ బీ డ్యూటీ చీర మీదే వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో, వెనకే బైకు మీద ఫయాజ్ కూడా దిగాడు.

"మనసారా అన్నావా, ఆ పిల్ల ఊరుకోవాలని ఊరికే అన్నావా?" అని అడిగాడు ఇన్నయ్య.

ఊరికే అన్నానంటే కొడుకు ఆమెకు మిగులుతాడు, బిడ్డ గోడవతలికి పోతాడు. మనసారా అంటే బిడ్డ లోపలికి పోతాడు, ఆమెకు ఇల్లుండదు. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు. ఊరికే అన్నానని చెప్పినా నేను తప్పుపట్టేదాన్ని కాదు. ఆమె కొడుకు వంక చూసింది, తువ్వాలు కప్పిన పెట్టె వంక చూసింది.

"ఊరికే అన్లా. ఆ పిల్ల ఏ దేవుడికి అప్పజెప్పమందో ఆ దేవుడికే అప్పజెప్పా. మనసారానే అన్నా."

ఫయాజ్ దగ్గరికొచ్చాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, అందరూ వినాలని తెలుగులోనే అడిగాడు.

"అమ్మీ, ఆ మాట నీదేనా?"

"నాదే."

"అయితే ఇంక ఇంటికి రామాక."

బైకు తిప్పుకొని పోయాడు. ఇన్నయ్య మా ఎవరి మొహం చూడకుండా తాళం తీశాడు.

మా అమ్మ సమాధి పక్కనే గుంట తీసి బిడ్డను దించాం. మన్ను కప్పుతుండగా ఇన్నయ్యకు ఫాదర్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తను చేసింది సబబే అంటారనుకున్నాడేమో, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"నీళ్లు పడకపోయినా ఆ బిడ్డను లోపలే పెట్టాలి గదయ్యా" అన్నారు ఫాదర్. "తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్నారు, అది చాలు. బిషప్ గారికి నేను చెప్పుకుంటా. ఆపిందెవరు?"

ఇన్నయ్య ఫోను కట్టేశాడు. అతని చెంప పగలగొట్టాలన్నంత కోపమొచ్చింది నాకు. ముందే తెలుసుకోనందుకు నా మీద కూడా అంతే కోపం వచ్చింది.

జైనాబ్ బీ గేటు బయట నేల మీద కూర్చొని ఉంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఫోనులో మాటలు ఆమెకూ వినపడ్డాయి.

"ఆ సంగతి మీరు ముందే తెలుసుకొనుంటే," అంది మెల్లగా, "నాకు కొడుకుండేవాడు గదమ్మా."