దీపం కొండెక్కేదాకా

మొండయ్య మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, ఇచ్చిన కాఫీ ముట్టకుండా ముందు తలెత్తి పైకప్పు చూశాడు. తరవాత మూలనున్న నా గొడుగు అందుకుని, దాని మొనతో కప్పుని మూడుచోట్ల తట్టి, చెవి రిక్కించి విన్నాడు. "పర్వలేదు సారూ, మంచిగనే ఉన్నది" అని అప్పుడు కూర్చున్నాడు. నేను సోషల్ మాస్టర్ని. వేంసూరు వైపు నుంచి టేకులపల్లి పక్కనున్న ఆ బొగ్గుబావుల కాలనీకి బదిలీ మీద వచ్చి అప్పటికి వారం కాలేదు. పక్క క్వార్టర్లో ఉన్నవాడికి కాస్త పిచ్చి ఉన్నట్టుందని ఆ సాయంత్రమే మా ఆవిడ ప్రమీలారాణితో అన్నాను.

పిచ్చి కాదు, ఉద్యోగం. మొండయ్య బావిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. నిలబెట్టే ముందు పొడవాటి కర్రతో పైరాయిని తట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే లోపల విడిపోయిందని అర్థం, ఎప్పుడైనా ఊడిపడొచ్చు. 1977లో ఒకసారి తట్టేలోపే ఊడిపడింది. పదహారు గంటలు రాళ్ల వెనక చిక్కుకుని బతికి బయటపడ్డాడు. అప్పటినుంచి బావిలోకి దిగడం మానలేదు గాని, బయట మాత్రం ఏ కప్పునీ నమ్మడు. సినిమాకి పోతే తలుపు పక్కన కూర్చుంటాడు, పెళ్లికి పోతే పందిట్లోనే తిని వస్తాడు. పాము కరిచినవాడు తాడు చూసి జడిసినట్టు అని కాలనీలో అందరూ నవ్వేవారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆ పదహారు గంటలూ బావి గేటు దగ్గర నిలబడ్డది అతని భార్య సారక్క. నిలబడి ఒక మొక్కు మొక్కింది. భద్రాచలం అవతల గోదావరి ఒడ్డున, పూర్వం ఒక జమీందారు రామయ్య పూజకు పూల కోసం వేయించిన తోట ఒకటుంది. (దాని పేరు రాయను. అక్కడి పూజారిగారి మనవళ్లు ఇంకా ఉన్నారు, నాకెందుకొచ్చిన తంటా.) తోట నడుమ రాతి మండపం, అందులో సీతమ్మ విగ్రహం. కార్తీకమాసంలో జనం బస్సులు కట్టించుకుని వెళ్లి, తోట చూసి, ఉసిరిచెట్ల కింద వనభోజనాలు చేసి వస్తారు. "నా పెనిమిటి పానంతోని బయటికొస్తే నీ ముంగట దీపం పెడత తల్లీ. అది కొండెక్కేదాంక నీ కాన్నే కూసుంట" అన్నది ఆమె మొక్కు. ఏటా సారక్క అడిగేది, ఏటా మొండయ్య "వచ్చే ఏడు పోదాం తీ" అనేవాడు. మొక్కు తీర్చకపోతే ఇచ్చిన ప్రాణాన్ని తల్లి తిరిగి అడుగుతుందేమోనని ఆమె బెంగ. తొమ్మిదేళ్లు ఆ బెంగతో ఆమె సగమైపోయిందని ప్రమీలారాణి నాకు చెప్పింది.

1986 కార్తీకంలో కాలనీవాళ్లందరికీ కలిపి నేనే బస్సు మాట్లాడాను. మొండయ్యని మెడలు వంచి ఎక్కించింది కూడా నేనే. "అంతా ఆరుబయలు తోటయ్యా, నెత్తిన ఆకాశం తప్ప కప్పే ఉండదు" అన్నాను. మండపం సంగతి నాకు తెలుసు. తెలిసే అబద్ధమాడాను.

పాల్వంచ దాటి టేకు అడవిలో పోతున్నంతసేపూ సారక్క నూనె సీసా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. తోట చేరాక మొండయ్యకి నిజంగానే హుషారొచ్చింది. పొగడచెట్లు, పొన్నచెట్లు, నందివర్ధనాల బారులు, వాటి మధ్య రాతి కాలువలు. రాలిన పొగడపూలు ఏరి భార్య కొంగులో పోశాడు. నేను ముందు నడుస్తూ ఏ కాలువ ఎవరు తవ్వించారో చెబుతున్నాను, తెలియనిచోట కల్పిస్తున్నాను. మలుపు తిరిగేసరికి మండపం కనిపించింది. మొండయ్య అక్కడే ఆగిపోయి నా వంక చూశాడు. నేను కాలువ వంక చూశాను.

ఇరవైమందిమి లోపలికి వెళ్లాం. సారక్క తెచ్చింది ప్రమిద అనడానికి లేదు, చిన్న మూకుడు. దాన్ని సీతమ్మ ముందు పెట్టి సీసాలో నూనెంతా వంచేసింది. ఇంత నూనె ఎందుకమ్మా అన్నారు పూజారిగారు. "తొమ్మిదేండ్లు ఆగిన తల్లికి గింతనన్న పొయ్యద్దా అయ్యగారూ" అని వత్తి వెలిగించి, కాళ్లు మడుచుకుని కూర్చుంది. అప్పుడు నా వెనక టక్కుమని చప్పుడైంది. మొండయ్య గుమ్మం దగ్గర నిలబడి, పూలు కోసే దోటితో పైనున్న రాతి పలకల్ని తడుతున్నాడు. మొదటి పలక ఖంగుమంది, రెండోదీ అంతే. మూడోది సారక్క నెత్తి మీదిది. అది బీటలిచ్చిన కుండలా మోగింది. నా చెవికి కూడా తేడా తెలిసింది, గాని ఒప్పుకోలేదు.

"సారూ, అందర్ని బయటికి పంపుండ్రి. జల్దీ" అన్నాడు మొండయ్య. గొంతు చాలా మెల్లగా ఉంది.

నాకు ఒళ్లు మండింది. నా బస్సు, నా జనం, నా చరిత్ర పాఠం. పూజారిగారు కూడా, "గోదావరి వరదలకే కదలని మండపమయ్యా" అన్నారు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అన్నాను నేను. అందరూ నవ్వారు. మొండయ్య ఈసారి దోటితో పలక అంచుని తాకించాడంతే, బీటలోంచి ఇసుక ధారగా ప్రమీలారాణి భుజం మీద పడింది. నవ్వులు ఆగిపోయాయి. చిటికెలో మండపం ఖాళీ అయింది. పరిగెత్తినవాళ్లలో నేను ఆఖరివాణ్ణేమీ కాదు.

సారక్క మాత్రం లేవలేదు.

"లేవే" అన్నాడు మొండయ్య.

"దీపం కొండెక్కలే."

"ఆర్పి లే!"

ఆడవాళ్లు నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. "ఆర్పుత? నీ పానం మీద పెట్టిన దీపాన్ని నా నోటితోని ఊదుత?" అంది సారక్క. మనిషి మాత్రం కదల్లేదు.

దీపం తెచ్చి ఉసిరిచెట్టు కింద పెట్టుకో తల్లీ అని నేను బతిమాలాను. జరిపితే దోషం లేదని పూజారిగారూ గుమ్మం బయటినుంచే చెప్పారు. "తల్లి ముంగట పెడతన్న సారూ. చెట్టు కింద అనలే" అంది. మొండయ్య చెయ్యి పట్టి లాగబోతే విగ్రహం పీటను వాటేసుకుంది. లాగితే దీపం ఒరుగుతుంది. అతను చెయ్యి వదిలేసి బయటికొచ్చాడు. చొక్కా చెమటకు వీపుకి అతుక్కుపోయింది. గుమ్మం ముందు అటూ ఇటూ నడుస్తున్నాడు, పైకి చూస్తున్నాడు, ఆమెను చూస్తున్నాడు, మళ్లీ పైకి చూస్తున్నాడు. కప్పే ఉండదని అబద్ధమాడి వాళ్లని తెచ్చింది నేను. ఆమెకేమైనా అయితే ఆ పాపం నాదేనని నాకు తెలిసిపోయింది.

ఉన్నట్టుండి మొండయ్య పరిగెత్తి మల్లెపందిరి గుంజ ఒకటి ఊపి పెరికాడు. పందిరి ఒకవైపు కూలింది. స్వామి మల్లెలయ్యా అని పూజారిగారు లబోదిబోమన్నారు. "మల్లెలు మల్ల మొలుస్తయ్" అని గుంజ భుజాన వేసుకుని, "సారూ, పట్టుకోనీకి ఒక మనిషి గావాలె" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ప్రమీలారాణి కూడా చూసింది. వెళ్లక తప్పలేదు. ఆ పలక కింద గుంజ పట్టుకుని నిలబడ్డ ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. గుంజ జానెడు పొట్టిగా ఉంది. అడుగున చదును రాళ్లు పేర్చాడు. వంటచెరకు చీల్చి చెక్కలు చేసి, పైన ఒక్కొక్కటే దూర్చి రాయితో తట్టాడు. "గట్టిగ కొడితే పైరాయి ఉలికిపడ్తది సారూ" అంటూ పసిపిల్లని జోకొట్టినంత నెమ్మదిగా కొట్టాడు. గుంజ బిగిసింది.

"ఇగ మీరు పోండ్రి" అన్నాడు.

"మరి నువ్వో?"

మొండయ్య వెళ్లి సారక్క పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. ఏ కప్పునీ నమ్మని మనిషి, విడిపోయిందని తనే చెప్పిన కప్పు కింద కూర్చున్నాడు. గంటన్నర. బయట అన్నం ఉడికిపోయింది, ఎవరూ వడ్డించుకోలేదు. లోపల ఇసుక రాలినప్పుడల్లా అందరం లేచి నిలబడ్డాం. ఒకసారి గుంజ కిర్రుమంటే మా ఆవిడ ఏడ్చేసింది. చివరికి వత్తి చిన్నదై, ఎర్రగా మిగిలి, కొండెక్కింది. సారక్క దండం పెట్టుకుని నింపాదిగా లేచింది. ఆ మండపం ఆ రోజు కూలలేదు. గుంజ ఆపిందో తల్లి ఆపిందో నేను చెప్పలేను.

కాలువ గట్టు దాకా వచ్చి మొండయ్య కూలబడ్డాడు. అంతసేపూ లేని కోపం అప్పుడొచ్చింది. "నీకు భయం లేదానే? బయట నిలవడి నేను సచ్చి బతికిన. ఎప్పుడు పడ్తదో, ఏమైతదో అని నా పానం పానంల లేదు" అని అరిచాడు. కళ్లనిండా నీళ్లు.

సారక్క చెంబుతో నీళ్లు తెచ్చి అతని దోసిట్లో పోసింది. "ఎంతసేపు నిలవడ్డవ్?" అని అడిగింది. అతను తాగి మూతి తుడుచుకున్నాడు. "పావుగంట ఉంటదా? నాకు లగ్గమైనకాన్నుంచి రోజూ గిదే. నువ్వు బాయిల దిగి ఎక్కేదాంక గిట్లనే నిలవడ్త. నువ్వన్న గుంజ వట్టుకొని లోపటికొచ్చినవ్. నాకు రానీకి కూడ లేదు."

  ప్రమీలారాణి వచ్చి సారక్క చెయ్యి పట్టుకుని ఉసిరిచెట్టు కిందికి తీసుకుపోయింది. మొదటి విస్తరి ఆమెకే వేశారు.