దుకాణానికి ఎదురుగా అంగన్‌వాడీ

బయ్యారం పక్కనున్న మా ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. మా కేంద్రానికి ఎదురుగా ఒక ముసలామె కిరాణా దుకాణం ఉంది. పొద్దున పిల్లలు అది దాటుకునే లోపలికి రావాలి. అందరి చేతుల్లోనూ చిప్స్ ప్యాకెట్లే. మధ్యాహ్నం గుడ్డు పెడితే తోసేసేవారు. వాకిట్లో ఉరకమంటే కాస్త దూరం పోయి గోడకు చేరగిలబడేవారు.

ఒకరోజు నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను. ప్యాకెట్ పట్టుకొచ్చిన ప్రతి పిల్లనీ తల్లితో సహా వెనక్కి పంపాను.

మధ్యాహ్నానికల్లా ముసలామె కొంగు నడుముకు చెక్కి వచ్చింది.

"నీకు నౌకరి ఉన్నది. నా పొట్టమీద ఎందుకు కొడుతున్నవే?"

"నీ మనవరాలు గూడ ఈడికే వస్తది గదా అవ్వా! దాని పండ్లు ఎట్ల పుచ్చిపోయినయో చూసినవా?"

"నా మనవరాలి నోట్ల చూసుటానికి నువ్వెవరు?" అని ఆ పిల్లను చంకనేసుకుని పోయింది.

మర్నాటికి, మేం పెట్టేవి మురిగిన గుడ్లని ఊరంతా పుకారు. ఎవరు పుట్టించారో వేరే చెప్పాలా? తల్లులు పిల్లల్ని పంపడం మానేసి గుంపుగా మీదికొచ్చారు.

"మా పోరగాండ్లకు ఏమన్న అయితే దవాఖానకు నువ్వు తిప్పుతవా?"

నాకు ఒళ్లు మండింది. అందరినీ పొయ్యి ముందు నిలబెట్టాను. "మీరే ఏరుర్రి, మీరే ఉడకబెట్టుర్రి, మీరే తినుర్రి!"

తిన్నారు. తప్పయిందని ఒక్కరూ అనలేదు. మూతి తుడుచుకుని వెళ్లిపోయారు. పిల్లల్ని మాత్రం మళ్లీ పంపసాగారు.

అప్పటినుంచి తిండికి ముందు కోడీ గద్దా ఆట ఆడించాను. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని పిల్లలు అరుస్తూ ఉరికేవారు. ఆ ఆకలికి గుడ్డు దానంతటదే గొంతు దిగేది. ముసలామె మనవరాలు దుకాణం గడప మీద కూర్చుని చూసేది. ఒకనాడు ఆట నడుస్తుండగా బజారు దాటి పరుగెత్తుకొచ్చి నా చీర పట్టుకుంది. వెనకే ముసలామె వచ్చి దాని రెక్క గుంజింది.

"ఇడువే దాన్ని!"

"నేనెక్కడ పట్టుకున్న? అదే పట్టుకున్నది."

ఏడుస్తున్న పిల్లను ఈడ్చుకుపోయింది. ఇంట్లో ఏం గొడవైందో తెలియదు గానీ, కొన్నాళ్లకు ఆమె కోడలే పిల్లను తెచ్చి దింపింది.

ముసలామె ఇప్పటికీ నన్ను చూస్తే కాండ్రించి ఉమ్ముతుంది. నేనూ ఆ దుకాణంలో ఉప్పు ప్యాకెట్ కూడా కొనను.